మూడుసార్లు చెప్పాల్సిన ప్రకటన

కోడలికి మామగారి మీద ఉన్న ఫిర్యాదు చాలా చిన్నది. ఆయన తాగరు, పేకాడరు, తిన్న కంచం తనే కడుక్కుంటారు, చొక్కా గుండీ ఊడితే తనే కుట్టుకుంటారు. ఈ జాబితా విని పక్కింటావిడ "ఇంక నీకేం కష్టమమ్మా" అని నిట్టూర్చింది కూడా. కష్టమేమీ లేదు. కాకపోతే ఆయన మాట్లాడతారు.

ముప్పై మూడేళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, వచ్చే బండ్లనీ పోయే బండ్లనీ లోకానికి చాటిన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలి ఆరేళ్ళయింది గాని ఆయన దాన్ని వదల్లేదు. స్నానానికి వెళ్తున్నానని మూడుసార్లు చెప్పనిదే చెంబు ముట్టుకోరు. పై వాటాలో ఉండేవాళ్ళు నీళ్ళ మోటారు వేసేముందు కిందికి తొంగి చూసి, "మీ మావగారి స్నానం ఇంకా రెండుసార్లే అయింది, మూడోది కానివ్వండి" అనేవారు.

"ఏ ప్రకటనైనా మూడుసార్లు చెప్పాలి అమ్మాయ్," అని కోడలికి పెళ్ళయిన కొత్తలోనే పాఠం చెప్పారు. "మొదటిసారి ఎవడూ వినడు. రెండోసారి విన్నవాడు నమ్మడు. మూడోసారికి లేచి సామాను సర్దుకుంటాడు."

ఇంట్లో కాగితాలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. బీరువా పై అరలో మూడు ఫైళ్ళు: రాక, ఆలస్యం, రద్దు. కరెంటు బిల్లు నుంచి పెళ్ళిపిలుపు దాకా ఏదైనా ఈ మూడింటిలో ఒకదానిలోకి వెళ్ళాల్సిందే. ప్రతి కాగితం మీదా ఎర్ర పెన్సిలుతో ఒక మాట రాసి, తేదీ వేసి, సంతకం పెట్టేవారు. అత్తగారు లేని ఇల్లు కాబట్టి కాదనేవాళ్ళు లేరు.

ఆయన నోట ఇంట్లో ఎవరూ వినని మాట ఒక్కటే ఉంది, తప్పు నాది అని. దీనికి భర్త దగ్గర ఒక సమర్థన ఉండేది. ఆయన రోజుకి పాతికసార్లు "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఊరందరికీ చెప్పి వచ్చేవారట. ఇంట్లోవాళ్ళ వాటా కూడా అక్కడే ఖర్చయిపోయేదట. భర్త తాళాల కొట్టు నడుపుతాడు. తండ్రి ఎదుట నోటికి కూడా ఒకటి వేసుకునేవాడు.

కోడలు మెల్లగా మాట్లాడే మనిషి. కాలేజీలో వక్తృత్వపు పోటీకి పేరిస్తే, మైకుంది కదా అని ఇచ్చావా అని లెక్చరరు అడిగాడు. అలాంటి గొంతు అలాంటి ఇంట్లో పడింది.

ఆ తాళాల కొట్టాయనకీ ఈ మెల్లటి గొంతుకీ పుట్టిన కూతురు పిట్ట. పేరు వేరే ఉంది గాని ఎవరూ పిలవరు. పిట్టకి ఇరవై నెలలు నిండాయి, నడుస్తుంది, పరిగెత్తుతుంది, సొరుగుల్లోంచి తాళంచెవులన్నీ తీసి కుప్ప పోస్తుంది. మాట మాత్రం రాలేదు. అమ్మా అనలేదు, తాతా అనలేదు. ఏం కావాలన్నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించేది.

"బండి ఆలస్యంగా నడుస్తోంది, అంతే," అనేవారు మామగారు. "ఆలస్యమైన బండి రాకుండా పోదు. వీళ్ళ నాన్న నాలుగేళ్ళకి గాని నోరు విప్పలేదు."

విప్పి మాత్రం ఏం చేశాడు అని కోడలు అనుకునేది, మనసులోనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు వచ్చారు. టీలయ్యాక ఆడపడుచు ఆరా తీసింది. "ఏం వదినా, ఇంకా అమ్మా కూడా అనట్లేదా? చెవులవీ చూపించావా ఎక్కడైనా?"

ఆ ప్రశ్న కోడలు ఆరు నెలలుగా లోలోపల అడుగుతున్నదే. నోరు తెరిచేలోపే మామగారు లేచారు. పిట్ట నేల మీద కూర్చుని తాళంచెవులు వరసగా పేరుస్తోంది. ఆయన దాని వెనక్కి వెళ్ళి, రెండడుగుల దూరంలో నిలబడి, "పిట్టా" అన్నారు. అటక మీద డబ్బాలు పలికాయి. పిట్ట గిరుక్కున తిరిగి, మొహమంతా నవ్వై, ఆయన కాళ్ళకి చుట్టుకుంది.

"చూశారా? చెవులు చూపించాలట, చెవులు. ఇప్పుడు నువ్వు పిలువు అమ్మాయ్."

కోడలు పిలిచింది. పిట్ట తాత పంచె అంచుని నోట్లో పెట్టుకుని నములుతోంది. మళ్ళీ పిలిచింది. గది గదంతా చూస్తోంది. మూడోసారి పిలవడానికి గొంతు రాలేదు.

"లోపం పిల్ల చెవిలో లేదు," అని మామగారు ప్రకటించారు. "నీ పిలుపులో ఉంది. లోపం పిల్ల చెవిలో లేదు, నీ పిలుపులో ఉంది." మూడోసారి అనబోతుంటే ఆడపడుచు నవ్వింది. ఆడపడుచు భర్త నవ్వాడు. తాళాల కొట్టాయన కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

మూడోసారి కూడా అన్నారు.

ఆ మాట కోడలి గుండెలో ముల్లులా దిగింది. కోపం చల్లారకుండా మూతపెట్టి ఉంచడం వంటింటి మనిషికి కొత్త విద్య కాదు. కానీ ఆ రోజుకి ఆమె కోపం కంటే భయమే పెద్దది. నిజంగానే తన పిలుపులో ఏమైనా ఉందేమోనని.

మర్నాటి నుంచి ఆమె చూడటం మొదలుపెట్టింది. కెటిల్ ఈల వేస్తే పిట్ట తల తిప్పదు. బట్టల మిషన్ గిరగిరా తిరిగితే మాత్రం పరిగెత్తుకెళ్ళి రెండు చేతులూ ఆనించి నిలబడుతుంది. వీధి తలుపు ధడాలున పడితే ఉలిక్కిపడుతుంది, గంట మోగితే పడదు. తల్లి ఎదురుగా కూర్చుని మాట్లాడితే కళ్ళలోకి చూడదు, పెదాలకేసి చూస్తుంది. తాత పిలిస్తే మాత్రం ఏ గదిలో ఉన్నా వస్తుంది. ఇవన్నీ ఒక పాత నోటుబుక్కులో రాసుకుంది. రాసుకున్నది చదువుకున్నాక, పిట్టకి చెప్పులు కొనడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి చెవుల పరీక్షలు చేసేచోటికి తీసుకెళ్ళింది.

అక్కడ పరీక్షలు చేసే మనిషిని అందరూ మేడమ్ అంటారు. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. తల్లీపిల్లల్ని గోడలకి మెత్త కొట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, తను అద్దం అవతల కూర్చుంది. గదికి ఒక మూల నల్ల పెట్టె. శబ్దం వినిపించి పిల్ల అటు తిరిగితే పెట్టెలో దీపం వెలిగి, కోతిబొమ్మ డప్పు కొడుతుంది. లావు శబ్దాలకి కోతి బాగానే కొట్టింది. శబ్దం సన్నబడుతున్నకొద్దీ కోతికి పని తగ్గిపోయింది. చివరికి చీకట్లో ఊరికే కూర్చుంది. మర్నాడు మళ్ళీ తీసుకెళితే, పిల్ల నిద్రపోతుండగా తలకి తీగలంటించి ఇంకో పరీక్ష చేశారు. రెండూ ఒకే మాట చెప్పాయి.

"రెండు చెవులకీ వినికిడి తక్కువ," అంది మేడమ్. "పూర్తిగా లేకపోలేదు. లావు గొంతు, గట్టి గొంతు, దగ్గర్నుంచి అయితే అందుతుంది. ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఒకరున్నారు."

"వాళ్ళొక్కరే ఈ పాపకి వినిపిస్తున్నారు. మిగతావాళ్ళ మాటల్లో అచ్చులు కాస్త చేరతాయి. స, ష, త, క లాంటివి దారిలోనే దిగిపోతాయి. సగం మాటలు విని ఏ పిల్ల మాట్లాడుతుంది చెప్పండి?"

"నా గొంతు ఎంత దూరం వెళ్తుంది మేడమ్?"

మేడమ్ వేళ్ళు చాచి చూపించింది. జానెడు.

కోడలు ఏడవలేదు. పిట్ట చెవికి జానెడు దూరంలో మొహం పెట్టి పేరు పిలిచింది. పిట్ట ఆశ్చర్యపోయి తల్లి నోట్లో వేలు పెట్టి చూసింది, ఇందులోంచేనా అన్నట్టు.

"వినికిడి మిషన్లు పెడితే చాలావరకు అందుతుంది," అంది మేడమ్. "కానీ ఇంత ఆలస్యమేమిటి? పుట్టిన రెండో రోజే ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేస్తారే. తేడా ఉంటే మళ్ళీ రమ్మని చీటీ ఇస్తారు. ఇవ్వలేదా?"

ఆ రోజు కోడలు జ్వరంతో ఒళ్ళెరగకుండా పడుంది. ఆస్పత్రి కాగితాలన్నీ సంతకం పెట్టి తీసుకొచ్చింది మామగారు. అన్నీ సవ్యంగా ఉన్నాయన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన కునుకు తీస్తున్నారు. కోడలు స్టూలు వేసుకుని పై అర తీసింది. రాకలో లేదు. ఆలస్యంలో లేదు. రద్దులో, ఎప్పుడో మానేసిన పత్రిక చందా రశీదుకీ, చచ్చిపోయిన ఫ్యాను గ్యారంటీ కాగితానికీ మధ్య దొరికింది. "రెండు చెవులూ: స్పందన సరిపోలేదు. నెలలోపు తిరిగి తీసుకురండి." కింద ఎర్ర పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: "అనవసరం. పిల్ల నా గొంతుకి పలికింది." తేదీ. సంతకం.

స్టూలు మీద నిలబడే రెండుసార్లు చదివింది. నెల అన్నది ఇరవై నెలలయింది. ఆ ఇరవై నెలలూ తను ఉయ్యాల ఊపుతూ జోలపాడింది, కథలు చెప్పింది, పేరు పెట్టి పిలిచింది. ఒక్కటీ చేరలేదు. చేరకపోవడం తన తప్పేనని ఆరుగురి ఎదుట మూడుసార్లు చెప్పించుకుంది.

భయం పోయింది. ఆ స్థానంలో కోపం వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట వేసుకుని కూర్చుంది.

"నాన్న కావాలని చేస్తాడా," అన్నాడు భర్త, చీటీ అటూ ఇటూ తిప్పుతూ. "ఇప్పుడు గొడవ పడితే ఏమొస్తుంది?"

"గొడవ పడను. నాకు ఒక్క మాట కావాలి. తప్పు నాది అని ఆయన నోటితో ఆయన అనాలి."

"నాన్న నోటితోనా." భర్త చీటీ ఆమెకే తిరిగిచ్చేశాడు. "నేను ఎన్నో తాళాలు తీశాను గాని, అది నా వల్ల కాదు."

"మీ వల్ల కావాలని ఎవరన్నారు?"

ఆమె చీటీని తీసుకెళ్ళి, చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించుకొచ్చింది. మర్నాడు పొద్దున్న మామగారి టీ గ్లాసు కింద పెట్టింది, అక్షరాలు పైకి కనిపించేటట్టు.

ఆయన గ్లాసు ఎత్తి చూశారు. "ఇదెక్కడిది?"

"రద్దులో ఉంది మావయ్యగారూ. రద్దు రద్దయింది. చెవుల పరీక్షకి తీసుకెళ్ళాను. పిట్టకి వినికిడి తక్కువట. మిషన్లు పెడతారు."

ఆయన చీటీని దూరంగా పట్టుకుని చివరిదాకా చదివారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదని పై వాటావాళ్ళు తర్వాత చెప్పారు. చివరికి, "పుట్టినప్పుడు నా గొంతుకి పలికింది. అది నిజం," అన్నారు. తర్వాత టీలో పంచదార తక్కువైందన్నారు. మూడుసార్లు.

రోజూ పొద్దున్న అదే చీటీ, అదే గ్లాసు. ఆయన చీటీని బోర్లించి పక్కన పెడితే, సాయంత్రం టీకి అది వెల్లకిలా తిరిగి గ్లాసు కిందికి చేరేది. ఒకరోజు దాని మీద వార్తాపత్రిక పడేశారు. పత్రిక మడతపెట్టడానికి వచ్చినట్టు వచ్చి, కోడలు చీటీ మీది ఆ పరదా తీసేసింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకుండా కూడా యుద్ధం చేయవచ్చు.

ఈలోగా ఆమెకి ఒక ఆటవిడుపు దొరికింది. మామగారి టీవీ శబ్దాన్ని రోజుకి ఒక్క గడి చొప్పున తగ్గిస్తూ వచ్చింది. ఎప్పుడు అరుస్తారో చూద్దామని. ఆయన అరవలేదు. మూతి కదుపుతున్న మనిషికేసి తల ఊపుతూ, "ఈ కాలం వార్తలు చదివే పిల్లలకి గొంతే లేదు," అన్నారు. కోడలికి అనుమానం వచ్చింది. ఆయన వెనక్కి వెళ్ళి, తన మామూలు గొంతుతో, "మావయ్యగారూ, టీ పెట్టనా, విషం పెట్టనా?" అంది.

"ఆఁ. పంచదార కాస్త ఎక్కువెయ్యి," అన్నారు మామగారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏమిటి కొరుకుతున్నావని అడిగాడట. ఈ ఇంట్లో శంఖానికే చెవుడని ఆమెకి ఆ రోజు తెలిసింది. ముప్పై మూడేళ్ళు ఇంజన్ కూతల మధ్య కూర్చున్న చెవులు. అవి పోయినకొద్దీ ఆయన గొంతు పెరిగింది, గొంతు పెరిగినకొద్దీ లోకమంతా బాగానే వినిపిస్తోందనుకున్నారు. ఆ మనిషి పిల్లకి పరీక్ష పెట్టి, చీటీ మీద సంతకం చేశారు.

వెంటనే చెప్పేయవచ్చు. కానీ మంచి ముక్కని చివరికి ఉంచుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

పిట్టకి మిషన్లు వచ్చాయి. చెవి వెనక చిక్కుడుగింజంత ఒకటి, చెవిలోకి దాని అచ్చుతోనే పోసిన మెత్తటి ముక్క. పెట్టిన రోజు కోడలు గదికి ఆ చివర నిలబడి, మామూలుగా, "పిట్టా" అంది. పిట్ట చేతిలోని తాళంచెవి కింద పెట్టి వెనక్కి తిరిగింది. అంతే జరిగింది. కోడలు వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని, చాలాసేపు అవసరం లేని గిన్నెలు కడిగింది.

సాయంత్రం మామగారు నడక నుంచి వచ్చారు. గుమ్మంలోనే, ఎప్పటిలా, "పిట్టా" అన్నారు. పిట్ట రెండు చేతులతో చెవులు మూసుకుని గుక్కపెట్టి ఏడ్చింది. తల్లి కొంగులో దూరింది. మర్నాడూ అంతే. నాలుగోనాటికి ఆయన చెప్పుల చప్పుడు వింటేనే మంచం కిందికి వెళ్ళసాగింది.

"మిషన్లు తగిలించి పిల్లని నాక్కాకుండా చేశావు అమ్మాయ్," అన్నారాయన.

"లోపం పిల్ల చెవిలో లేదు మావయ్యగారూ," అంది కోడలు. మిగతా సగం ఆయనకే వదిలేసింది.

జాలి పడాల్సిన చోటు అది. ఆమె పడలేదు. ఆ వారం రోజులు ఆమె బాగా నిద్రపోయింది.

రెండు నెలల తర్వాత సరిచూడటానికి వెళితే, మేడమ్ మిషన్లని తీగతో కంప్యూటరుకి తగిలించింది. భృకుటి ముడిచింది. "రోజంతా పెడుతున్నామన్నారే?"

"లేచింది మొదలు పడుకునేదాకా. నిద్రలో మాత్రం తీస్తున్నాం."

"రోజుకి ఆరు గంటలే నడిచినట్టు చూపిస్తోంది. ఈ మిషన్లు ఎన్ని గంటలు పనిచేశాయో వాటికవే రాసుకుంటాయి. పది ఉండాలి. నాలుగు ఎక్కడికి పోతున్నాయి?"

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, భర్త ఇళ్ళకి తాళాలు బిగించడానికి వెళ్ళే వేళ, కోడలు కొట్లో కూర్చుంటుంది. ఆ వేళ పిట్ట తాత దగ్గర ఉంటుంది. ఆమె మేడమ్‌కి ఏమీ చెప్పలేదు. మర్నాడు ఒంటిగంటకే కొట్టు మూసి, ఇంటి పక్క సందులోకి వచ్చి కిటికీలోంచి చూసింది.

మిషన్లు కిటికీ గూట్లో, ఖాళీ అగ్గిపెట్టెలో, పక్కపక్కన పడుకుని ఉన్నాయి. పిట్ట తాత ఒళ్ళో ఉంది, బోడి చెవులతో. ఆయన "పిట్టా" అని గర్జిస్తున్నారు, అది ఆయన ఛాతీకి చెంప ఆనించి కిలకిలా నవ్వుతోంది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

జాలి సందు చివరిదాకా వచ్చింది. కోడలు రమ్మనలేదు. నాలుగు గంటలు ఇంటూ అరవై రోజులు అని లెక్క వేసుకుంటోంది. చప్పుడు చేయకుండా కొట్టుకి తిరిగి వెళ్ళిపోయి, నాలుగింటికి ఎప్పటిలాగే ఇంటికొచ్చింది. మిషన్లు పిట్ట చెవులకే ఉన్నాయి. కుడివైపుది కాస్త వంకరగా.

"మావయ్యగారూ," అంది, ఆయన ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదుపుతూ. "వచ్చే బుధవారం పిట్టకి పరీక్ష. మీరూ రావాలి. మీరు పిలిస్తే పలికినట్టు ఎవరు పిలిచినా పలకదు కదా."

ఆయన మొహం వికసించింది. బుధవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత స్టేషను బిళ్ళ జేబుకి తగిలించుకుని తయారయ్యారు. వెళ్తున్నామని మూడుసార్లు చెప్పారు.

కోడలు ముందురోజే ఫోను చేసి ఇంకో పేరు రాయించింది.

"పాప బెదరకుండా ముందు మీరు కూర్చుని చూపించండి," అంది మేడమ్. "శబ్దం వినపడినప్పుడల్లా ఈ మీట నొక్కాలి." ఆయన దర్జాగా లోపలికెళ్ళి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. మొదట బాగానే నొక్కారు. తర్వాత శబ్దం ఉన్నప్పుడు నొక్కడం మానేశారు. ఆ తర్వాత లేనప్పుడు నొక్కడం మొదలుపెట్టారు.

"ఈయన బండి రాకముందే వచ్చిందంటున్నారే," అంది మేడమ్ అద్దం ఇవతల.

"అలవాటండి," అంది కోడలు.

బయటికొచ్చాక మేడమ్ ఆయన కాగితం, పిట్ట పాత కాగితం ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. రెండు గీతలూ ఎడమ నుంచి కుడికి, ఒకే మెట్లు దిగుతున్నట్టు దిగాయి.

"కారణాలు వేరు. పాపది పుట్టుకతో వచ్చింది, మీది ఉద్యోగంతో. కానీ పోలిక చూడండి. సన్నటి శబ్దాలు ఇద్దరికీ అందవు."

"పిల్లకి అన్నీ నా పోలికలే అని మావయ్యగారు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు," అంది కోడలు.

"నాకు అన్నీ వినపడతాయండి," అన్నారు మామగారు.

మేడమ్ ఒక కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, "మీ మనవరాలికి ఎన్నేళ్ళు?" అని అడిగింది.

"ఇప్పుడు టీ వద్దండి, ఇంటి దగ్గరే తాగి వచ్చాం."

ఎవరూ నవ్వలేదు. మేడమ్ కాగితం దించి, అదే ప్రశ్న ఆయన మొహంలోకి చూస్తూ మళ్ళీ అడిగింది. ఆయన జేబు మీది బిళ్ళని సరిచేసుకున్నారు.

అప్పుడు మేడమ్ మిషన్ల లెక్క తీసింది. "పది గంటలు ఉండాల్సింది ఆరే ఉంటోందండి. మూడేళ్ళలోపు మెదడు మాట నేర్చుకునే వేళ. విన్న గంటే మాట అవుతుంది. పుట్టగానే తెలిసి ఉంటే ఆరు నెలలకే ఇవి పెట్టేవాళ్ళం. ఆ కాలం ఎలాగూ పోయింది. పాప ఇప్పుడిప్పుడే అందుకుంటోంది. రోజుకి ఈ నాలుగు గంటలు కూడా పోగొడితే ఎలా? ఎవరు తీస్తున్నారు?"

కోడలు నోరు మెదపలేదు. మెదిపి ఉంటే ఆయనకి పోట్లాడే వీలు దొరికేది.

"ఎన్ని రోజుల లెక్క ఇది?" అన్నారు మామగారు.

"అరవై ఎనిమిది."

"రెండు వందల డెబ్బై రెండు గంటలు," అన్నారాయన. వేగంగానే కట్టారు. జీవితమంతా అదే పని. "ఏ బండీ అంత ఆలస్యం కాలేదు."

"ఇప్పుడు పాపకి మిషన్లతో పరీక్ష. తెలిసిన గొంతుతో పిలిస్తే మంచిది," అని మేడమ్ తన కుర్చీ ఆయనకిచ్చి, మైకు ముందుకు జరిపింది. "ఇదిగో, ఈ మీటరు ముల్లు ఎర్ర గీత దాటకూడదు. దాటితే పాప ఏడుస్తుంది. మీ గొంతు మీకు సరిగా అందదు కాబట్టి ముల్లుని చూసి మాట్లాడండి." ఆయన చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టి శబ్దం పెంచింది, లోపలివాళ్ళ మాటలు ఆయనకి చేరేందుకు.

కోడలు పిట్టని ఎత్తుకుని మెత్త గదిలోకి వెళ్తూ, సంచిలోంచి ప్లాస్టిక్ తొడుగు చీటీ తీసి మైకు పక్కన పెట్టింది. టీ లేకపోయినా.

లోపల తలుపు పడింది. పిట్ట ఒళ్ళో కూర్చుంది. అద్దం అవతల మామగారు ముల్లుకేసి చూస్తూ గొంతు సవరించుకున్నారు. ముల్లు ఎగిరిపడింది. వెనక్కి తగ్గారు. మళ్ళీ తగ్గారు. స్పీకర్లోంచి, ఎవరిదో అన్నంత చిన్నగా, "పిట్టా" అని వచ్చింది.

పిట్ట తిరిగింది. పెట్టెలో దీపం వెలిగి కోతి డప్పు కొట్టింది. పిట్ట చెవులు మూసుకోలేదు. ఎవరా అని చుట్టూ వెతుకుతోంది.

"వినపడిందిరా తల్లీ, తాతే," అంది కోడలు, తన మామూలు గొంతుతో.

అద్దం అవతల ఆయన ఇయర్‌ఫోన్‌ని చేత్తో చెవికి నొక్కుకున్నారు. "నీ గొంతు ఇలా ఉంటుందా అమ్మాయ్?"

ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాక అడిగిన ప్రశ్న. కోడలు పిట్టని ఒళ్ళో సర్దుకుంది.

"ఇలాగే ఉంటుంది. దీంట్లోనే లోపం ఉందన్నారు. బండి ఆలస్యానికి కారణం ఇంకా ఎవరూ ప్రకటించలేదు మావయ్యగారూ."

ఆయన చీటీకేసి చూశారు. తలెత్తారు. పాత అలవాటు వెన్నెముకలోంచి లేచి నిలబెట్టినట్టు నిటారుగా కూర్చున్నారు. "ప్రయాణికులకు గమనిక. మా పిట్ట మాట రెండేళ్ళు ఆలస్యంగా నడుస్తున్నది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తు..."

"అది రైల్వేవాళ్ళ మాట," అంది కోడలు. "మీ సొంతది చెప్పండి."

ముల్లు అట్టడుగున పడుకుంది. స్పీకర్లో ఊపిరి చప్పుడు మాత్రం వస్తోంది. పిట్ట దాన్ని కూడా విని అటు చూసింది.

"ఆ చీటీ రద్దులో పెట్టింది నేను," అంది ఆ చిన్న గొంతు. "లోపం నీ పిలుపులో లేదు. తప్పు నాది."

నాలుగు నెలలుగా ఎదురుచూసిన మాట. ఎలా ఉంటుందో ఆమె చాలాసార్లు ఊహించుకుంది. బాగానే ఉంది. ఇంకాస్త కావాలనిపించింది.

"మొదటిసారి ఎవడూ వినడన్నారు."

అద్దం అవతల మేడమ్ తల వంచుకుని కాగితాలు సర్దుతోంది, అవసరం లేకపోయినా. మామగారు జేబులోంచి రుమాలు తీసి, మొహం తుడుచుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"తప్పు నాది. మధ్యాహ్నాలు మిషన్లు తీసింది కూడా నేనే. అవి ఉంటే పిల్ల నా దగ్గరికి రావడం లేదని తీశాను. నాకు వినపడదని నాకు తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు."

"రెండోసారి విన్నవాడు నమ్మడన్నారు."

ఆయన మైకు దగ్గరికి, జానెడు దూరానికి జరిగారు. ముల్లుని చూడటం మానేసి, అద్దంలోంచి కోడలిని చూశారు. ముల్లు ఎర్ర గీత ఛాయలకి కూడా వెళ్ళలేదు.

"తప్పు నాది అమ్మా," అన్నారు.